సైన్స్ టీచర్లకు నిజంగా పనికొచ్చే వర్క్‌షాపులు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

ఫిజిక్స్_ఎల్బీనగర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. ఎల్బీనగర్ దగ్గర ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో 8, 9, 10 తరగతులకు ఫిజిక్స్, కెమిస్ట్రీ చెబుతున్నాను. ఎమ్మెస్సీ, బీఈడీ అయ్యి ఉద్యోగంలో చేరాక ఇది నాలుగో ఏడాది. ఏడాదికి 50 గంటల ట్రైనింగ్ పూర్తి చేయాలి కదా, దాని గురించే అడగాలని రాస్తున్నాను.

పోయిన నెల ఒక ఆదివారం మా స్కూల్ నుంచి ముగ్గుర్ని వర్క్‌షాప్‌కు పంపారు. పొద్దున తొమ్మిదింటికి వెళ్తే సాయంత్రం నాలుగున్నర అయింది. ఫీజు 1,200, అందులో సగం మా జేబులోంచే. మూడు గంటలు స్లైడ్లు చూపించారు. క్రిటికల్ థింకింగ్ అన్నారు, 21వ శతాబ్దపు నైపుణ్యాలు అన్నారు, పిల్లల్ని ప్రశ్నలు అడగనివ్వాలి అన్నారు, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక యాప్ ఎలా వాడాలో చూపించి దాన్ని స్కూల్లో పెట్టించమన్నారు. రోజంతా మా చేతికి ఒక తీగ ముక్క గానీ ఒక టెస్ట్‌ట్యూబ్ గానీ ఇవ్వలేదు. చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో.

మర్నాడు సోమవారం పదో తరగతిలో విద్యుత్ పాఠం. రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపి చూపిస్తుంటే వెనక బెంచీ అబ్బాయి లేచి, "మేడం, మొదటి బల్బు వెలగడానికే కొంత కరెంటు ఖర్చయిపోతుంది కదా, మరి రెండో బల్బుకు తక్కువ రావాలి, రెండూ ఒకేలా ఎందుకు వెలుగుతున్నాయి?" అని అడిగాడు. నేను పుస్తకంలో ఉన్నదే చెప్పాను, శ్రేణిలో విద్యుత్ ప్రవాహం అంతటా ఒకటే అని. వాడు తలూపి కూర్చున్నాడు. వాడికి అర్థం కాలేదని వాడి ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఆ ప్రశ్నకు ఎలా చెప్పాలో ఎవరైనా నేర్పితే ఆదివారం ఏం ఖర్మ, పండగ రోజైనా వెళ్తాను.

ఇంకో సంగతి. ఒక "అంతర్జాతీయ సదస్సు" వాళ్లు మా స్కూల్‌కు మెయిల్ పంపారు. టీచర్లు పేపర్ సమర్పించవచ్చట, రిజిస్ట్రేషన్ 4,500. స్కూల్‌కు పేరొస్తుంది, వెళ్లమని ప్రిన్సిపాల్ మేడం అంటున్నారు. నా దగ్గర రాయడానికి ఏముందో కూడా నాకు తెలీదు. ఇలాంటివి మనలాంటి వాళ్లకు ఉపయోగమేనా? హైదరాబాద్‌లో సైన్స్ టీచర్లకు మంచి ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుందో, మీకు నిజంగా పనికొచ్చింది ఏదో చెప్పండి ప్లీజ్.

సుద్దముక్క రాసింది:

అమ్మా, నేను గవర్నమెంట్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్‌ని, 22 ఏళ్ల సర్వీసు. కొన్నాళ్లు డిస్ట్రిక్ట్ రిసోర్స్ గ్రూపులో ఉండి ట్రైనింగులు ఇచ్చాను కూడా. రెండు వైపులా చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది.

నా సర్వీసు మొత్తంలో గుర్తుండిపోయిన ట్రైనింగ్ ఒక్క పూటది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లించే ప్రయోగం మనందరికీ తెలుసు. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, అది ఖర్చయిపోయింది కాబట్టి ఐదో వంతు నీళ్లెక్కాయి అని నేను పదమూడేళ్లు చెప్పాను. ఆ రోజు మాకు వచ్చిన రిసోర్స్ పర్సన్ ఏమీ చెప్పలేదు. ఒక్కో టేబుల్‌కు మూడు కొవ్వొత్తులు ఇచ్చి, ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు వెలిగించి అదే గ్లాసు బోర్లించి, నీళ్లు ఎంత ఎక్కాయో స్కెచ్ పెన్నుతో గీత పెట్టమన్నారు. మూడు కొవ్వొత్తులకు గీత బాగా పైకి వెళ్లింది. గ్లాసు అదే, అందులో గాలి అంతే, ఆక్సిజన్ అంతే, మరి నీళ్లు ఎక్కువెందుకు ఎక్కాయి అని అడిగారు. నలభై మందిమి, హాల్లో ఒక్కరూ నోరు మెదపలేదు.

తర్వాత ఆయన ఇంకొక్క మాట అన్నారు, "మళ్లీ చేయండి, ఈసారి నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నాయో మాత్రమే చూడండి" అని. కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదల్లేదు. ఆరిపోయాక గబగబా ఎక్కాయి. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు పోవడం కూడా అప్పుడే కనిపించింది, పదమూడేళ్లలో నేనెప్పుడూ అటు చూడలేదు. వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, మంట ఆరాక లోపలి గాలి చల్లబడి పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్లను లోపలికి తోస్తుంది. కొవ్వొత్తి ఆరిపోయేసరికి ఆక్సిజన్ మొత్తం అయిపోదు కూడా, ఖర్చయిన దాని బదులు కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదమ్మా, ఎంతమంది పిల్లలకు తప్పు చెప్పానో అని. మర్నాడు పదో తరగతి పిల్లల ముందు నిలబడి, నేను మీకు తప్పు చెప్పాను, రండి మళ్లీ చేద్దాం అన్నాను.

కాబట్టి ఏ వర్క్‌షాప్‌కైనా డబ్బు కట్టే ముందు మీరు అడగాల్సింది ఒక్కటే, మా చేతులతో ఏం చేయిస్తారు, ఏ పాఠానికి సంబంధించింది అని. దానికి సూటిగా జవాబు రాకపోతే వెళ్లొద్దు.

50 గంటల విషయానికొస్తే, అది 2020 జాతీయ విద్యావిధానంలో ఉన్నదే. సీబీఎస్‌ఈలో 25 గంటలు బోర్డు గానీ ప్రభుత్వ సంస్థలు గానీ ఇచ్చే ట్రైనింగులు, మిగతా 25 మీ స్కూల్లో జరిగేవి, చుట్టుపక్కల సీబీఎస్‌ఈ స్కూళ్లు కలిసి పెట్టుకునే సహోదయ గ్రూపుల్లో జరిగేవి. అంటే ప్రైవేటు కంపెనీల హోటల్ మీటింగులకు డబ్బు కట్టాల్సిన అవసరమే లేదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షా పోర్టల్‌లో కోర్సులు ఉచితం, టీచర్ల ట్రైనింగ్ కోసం 2019లో మొదలైన నిష్ఠ కోర్సులు కూడా అందులోనే ఉన్నాయి. అయితే అవి కూర్చుని వినేవే, చేతికి పని ఉండదు. అవి చూసి తెలుసుకోవాల్సింది తెలుసుకోండి, ప్రయోగాలకు మాత్రం మనుషుల దగ్గరికే వెళ్లాలి.

ఇంకొకటి మీలాంటి చిన్నవాళ్లు తప్పక తెలుసుకోవాలి. మధ్యప్రదేశ్‌లో 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో ఒక సైన్స్ కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు మొదలుపెట్టాయి, తర్వాత ఏకలవ్య సంస్థ నడిపింది, 2002లో ప్రభుత్వం ఆపేసే దాకా మూడు దశాబ్దాలు నడిచింది. అక్కడ టీచర్లకు ఎండాకాలంలో వారాల తరబడి ట్రైనింగ్. పిల్లలు చేయాల్సిన ప్రయోగాలన్నీ టీచర్లే ముందు చేసేవాళ్లు. యూనివర్సిటీల నుంచి, ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి వాళ్లతో పాటు కూర్చునేవాళ్లు. అంతటితో వదిలేయలేదు, ప్రతి నెలా టీచర్లు ఒకచోట కలిసి, క్లాసులో ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని మాట్లాడుకునేవాళ్లు. ఆ నెలవారీ కలయికే అసలు ప్రాణం అని నా నమ్మకం. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మన స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు కూడా అందుకే పెట్టారు. సర్క్యులర్లు చదువుకోవడంతోనే పూట గడిచిపోతే బాధేస్తుంది, ఒక్క గంట ప్రయోగాలకు కేటాయించిన చోట మాత్రం ఎంత బాగుంటుందో.

కోఠి_సర్క్యూట్ రాసింది:

మేడం, మీ వెనక బెంచీ అబ్బాయి ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు చెబుతాను, రేపే చేసి చూడండి.

ఐదారు మీటర్ల నూలు తాడు తీసుకుని రెండు కొసలూ కలిపి ముడేయండి. పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి తాడును వదులుగా గుప్పిట్లో పట్టుకోమనండి, జారేలా ఉండాలి. ఒకరు తాడును అదే పనిగా లాగుతూ ఉంటారు, వాళ్లు సెల్. ఎదురుగా ఒకరు కొంచెం గట్టిగా బిగిస్తారు, వాళ్లు బల్బు. లాగడం మొదలుపెట్టగానే తాడు మొత్తం ఒకేసారి కదులుతుంది, స్విచ్ వేయగానే బల్బు ఎందుకు వెలుగుతుందో అక్కడే తెలిసిపోతుంది. బిగించిన పిల్లకు అరచెయ్యి వెచ్చబడుతుంది. అప్పుడు అడగండి, తాడు ఏమైనా ఖర్చయిందా అని. కాలేదు. ఖర్చయింది లాగేవాడి శక్తి. రెండో బల్బుగా ఇంకొకరిని బిగించమంటే తాడు వేగం అందరి దగ్గరా తగ్గుతుంది, మొదటి బల్బు దగ్గరా రెండో బల్బు దగ్గరా ఒకే వేగం. ఆ తర్వాత కరెంటును కొలిచే అమ్మీటర్ తెచ్చి, సెల్‌కూ మొదటి బల్బుకూ మధ్య ఒకసారి, రెండు బల్బుల మధ్య ఒకసారి, రెండో బల్బు తర్వాత ఒకసారి పెట్టి చూపించండి. కానీ పెట్టే ముందు ఎంత వస్తుందో పిల్లలతో నోట్సులో రాయించండి, రాయించకపోతే మొత్తం వృథా. రాసి ఉంటేనే వాళ్లు ముల్లు వైపు కళ్లార్పకుండా చూస్తారు.

ఇది నేను ఫిజిక్స్ టీచర్ల సంఘం, అదే ఐఏపీటీ వాళ్ల ద్వారా పరిచయమైన ఒక సార్ దగ్గర నేర్చుకున్నాను. 1984 నుంచి ఉన్న సంఘం, స్కూల్ టీచర్లు కూడా సభ్యులుగా చేరవచ్చు. ఒలింపియాడ్‌కు మొదటి మెట్టుగా ఉండే పరీక్ష వీళ్లే పెడతారు, మీకు తెలిసే ఉంటుంది. వీళ్లదే అన్వేషిక అని ప్రయోగ కేంద్రాల నెట్‌వర్క్ ఉంది, ఐఐటీ కాన్పూర్‌లో ఫిజిక్స్ చెప్పిన హెచ్.సి. వర్మ గారు దానికి పెద్ద దిక్కు. చౌకగా దొరికే సామానుతో చేసే ప్రయోగాలే వీళ్ల ప్రత్యేకత. సభ్యత్వం తీసుకోండి, వర్క్‌షాపుల కబురు మీకే వస్తుంది.

సామాను కోసం కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లండి. చిన్న మోటార్లు, ఎల్ఈడీలు, మొసలి క్లిప్పులు, మల్టీమీటర్, అన్నీ అక్కడే. స్కూల్ కిట్ల పేరుతో అమ్మే వాటి ధరతో పోల్చుకుంటే మీకే తెలుస్తుంది.

మందారం_బయాలజీ రాసింది:

నాది బయాలజీ కాబట్టి రెండు ముక్కలే. హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధించే సీసీఎంబీ, పక్కనే భూమి మీద పరిశోధించే ఎన్‌జీఆర్ఐ, తార్నాకలో రసాయనాల మీద పరిశోధించే ఐఐసీటీ, ఇవి మన ఊళ్లో ఉండటం మన అదృష్టం. ఇవన్నీ సీఎస్ఐఆర్ అనే కేంద్ర పరిశోధన సంస్థ కిందివి. సెప్టెంబర్ 26 దాని పుట్టినరోజు, 1942లో మొదలైంది, ఏటా ఆ తారీఖు చుట్టుపక్కల ల్యాబులు జనానికి తెరిచి ఉంచుతారు. పిల్లల్ని తీసుకెళ్లడం సరే, ఒకసారి మీరొక్కరే వెళ్లి చూడండి. పిల్లలు వెంట ఉంటే లెక్క పెట్టుకోవడంతోనే సరిపోతుంది. నేను ఒంటరిగా వెళ్లినప్పుడు ఒక రీసెర్చ్ స్కాలర్ అమ్మాయి దగ్గర నిలబడి, డీఎన్ఏ ముక్కలు జెల్‌లో ఎందుకు వేర్వేరు దూరాలు పరిగెడతాయో అరగంట అడిగాను, విసుక్కోకుండా చెప్పింది. చిన్న ముక్కలు జెల్ సందుల్లోంచి తొందరగా దూరిపోతాయి, పెద్దవి వెనకబడతాయి, అంతే. ఆ అరగంట నాకు ఏ ట్రైనింగ్‌లోనూ దొరకలేదు. సీఎస్ఐఆర్ వాళ్లకే జిజ్ఞాస అని 2017లో మొదలైన కార్యక్రమం ఉంది, స్కూళ్లనూ ల్యాబులనూ కలపడానికి. మీ ప్రిన్సిపాల్ మేడం చేత లెటర్‌హెడ్ మీద అడిగించండి.

కెమిస్ట్రీకి ఒక చిన్న మాట, పసుపులో సున్నం కలిపితే ఎర్రగా పారాణి అవుతుంది కదా, ఆమ్లాలు క్షారాల పాఠం అక్కడ నుంచి మొదలుపెట్టండి. మా బడిలో పిల్లలు ఇంటి నుంచి పసుపు కాగితాలు చేసుకొచ్చి సబ్బు దగ్గర నుంచి గోలీ సోడా దాకా అన్నీ పరీక్షించారు. సోడాతో రంగు మారలేదు, ఆమ్లాలకు పసుపు మారదు, దానికి మందార పువ్వు కావాలి అని వాళ్లే కనిపెట్టారు.

ఫిజిక్స్_ఎల్బీనగర్ రాసింది:

అందరికీ చాలా చాలా థాంక్స్. సుద్దముక్క సార్, ఇప్పుడే వంటింట్లో మూడు కొవ్వొత్తులతో చేశాను. నేనూ నాలుగేళ్లుగా ఆక్సిజన్ అనే చెబుతున్నాను సార్. మా అత్తయ్య కూడా వచ్చి చూశారు.

సదస్సు గురించి ఎవరైనా చెబుతారా? వెళ్లమని ఒత్తిడి ఉంది, శుక్రవారం లోపు డబ్బు కట్టాలట.

ఆదిలాబాద్_నీడ రాసింది:

సదస్సుల మీద నాకు ప్రేమ ఉంది కాబట్టి ఇది నేను రాయాలి. కానీ ముందు మీ 4,500 సంగతి. ఫలానా తారీఖు లోపు డబ్బు కడితే చాలు, ఏ పేపరైనా తీసుకుంటాం అన్నట్టుంటే అది సదస్సు కాదు. మంచి సదస్సులో ముందు మీరు సారాంశం పంపుతారు, ఎవరో ఒకరు చదువుతారు, ఇది బాగుంది, ఇది తేల్చండి, ఇది చాలదు అని రాసి పంపుతారు. కొన్ని తిప్పి పంపేస్తారు కూడా. ఆ వ్యాఖ్యలే మీకు దక్కే మొదటి లాభం. మీ సారాంశం ఎవరు చదువుతారో మెయిల్ రాసి అడగండి, జవాబును బట్టి తెలిసిపోతుంది.

ముంబైలో హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ ఉంది, 1974లో మొదలైంది, టీఐఎఫ్ఆర్‌లో భాగం. పిల్లలు సైన్సు, లెక్కలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించే సంస్థ. 2004 నుంచి ఎపిస్టీమ్ పేరుతో అంతర్జాతీయ సదస్సులు జరుపుతున్నారు. అది పరిశోధకుల సదస్సు, మొదటిసారే అక్కడ పేపర్ చదవాలని అనుకోవద్దు, కానీ వాళ్లు టీచర్ల కోసం పెట్టే వర్క్‌షాపులు మాత్రం వదలొద్దు.

ఇక నా అనుభవం. కొన్నేళ్ల కిందట రాష్ట్ర స్థాయి టీచర్ల సదస్సు ఒకటి హైదరాబాద్‌లో జరిగితే వెళ్లాను. నేను ఆదిలాబాద్ జిల్లాలో పనిచేస్తాను. అక్కడ విన్న ప్రసంగాల్లో ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు. టీ దగ్గర వరసలో నా ముందున్న సార్ హైదరాబాద్ వాళ్లు, మాటల్లో జీరో షాడో డే గురించి వచ్చింది. ఏడాదికి రెండుసార్లు, మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో, మధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్‌కు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. మే నెలలో సెలవులు, ఆగస్టులో బడి ఉంటుంది. నేను ఊరికే అన్నాను, ఆదిలాబాద్, హైదరాబాద్ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కదా సార్, రెండు ఊళ్లలో ఒకేసారి కొలిస్తే భూమి చుట్టుకొలత వచ్చేస్తుంది కదా అని. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి జేబులోంచి పెన్ను తీశారు. 2,200 ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసిన లెక్క ఇదే.

ఆ ఆగస్టులో చేశాం. మా బడిలో మీటరు పొడవు పీవీసీ పైపు, దారానికి ఇనుప నట్టు కట్టి వేలాడదీసి పైపు నిట్టనిలువుగా ఉందో లేదో రెండు వైపుల నుంచి చూసుకున్నాం. వానాకాలం, పొద్దున్నుంచీ మబ్బు. పిల్లలు గ్రౌండులో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నారు, నాకైతే టెన్షన్. పన్నెండుంపావు దాటాక కాసేపు ఎండ వచ్చింది. రెండు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర సుద్దతో గీత పెట్టాం. అన్నిటికన్నా చిన్న నీడ 12:22 ప్రాంతంలో, నాలుగు సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. అదే నిమిషంలో హైదరాబాద్ నుంచి ఫోన్, మా దగ్గర నీడ లేదు సార్ అని. ఫోన్ స్పీకర్లో పెట్టాను, అటు పిల్లల అరుపులు, ఇటు మా పిల్లల అరుపులు.

మీటరు కర్రకు నాలుగు సెంటీమీటర్ల నీడ అంటే కోణం సుమారు 2.3 డిగ్రీలు. భూమి చుట్టూ ఉన్న 360 డిగ్రీల్లో మా రెండు ఊళ్ల మధ్య ఉన్న భాగం అదే. రెండు ఊళ్ల మధ్య మ్యాపు మీద నేరుగా గీత గీస్తే దాదాపు 250 కిలోమీటర్లు, రోడ్డు దూరం తీసుకోకూడదు. 360ని 2.3తో భాగిస్తే 156కి కాస్త ఎక్కువ, దాన్ని 250తో గుణిస్తే 39,000 కిలోమీటర్ల పైచిలుకు. అసలు విలువ 40,000. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి, మిగతా వెయ్యి ఎక్కడికి పోయింది సార్ అని అడిగింది. నీడ కొస దగ్గర గీత స్పష్టంగా ఉండదమ్మా, సూర్యుడు చుక్క కాదు కదా, అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం, అందుకే అంచు మసకబారుతుంది, అక్కడ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఇక్కడ వెయ్యి కిలోమీటర్లు మారిపోతాయి అని చెప్పాను. కొలతలో దోషం గురించి ఇంతకన్నా మంచి పాఠం నేనెప్పుడూ చెప్పలేదు.

మరుసటి ఏడాది మేమిద్దరం కలిసి దీన్ని పేపర్‌గా రాశాం, తెలుగులో. మీ దగ్గర రాయడానికి ఏముందో తెలీదన్నారు కదా, మీ వెనక బెంచీ అబ్బాయి ప్రశ్న ఉంది. తాడుతో చేయకముందు పిల్లలు ఏమనుకున్నారు, చేశాక ఏమన్నారు, ఎంతమంది మారలేదు, అది రాయండి.

ఆదివారం_వద్దు రాసింది:

అందరూ మంచి మాటలు చెప్పారు, కానీ ఒకటి ఎవరూ అనలేదు. ఆదివారాలు ఎందుకు పెడతారు? నేను చిన్న ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెబుతాను, వారానికి 36 పీరియడ్లు, కరెక్షన్ ఇంటి దగ్గరే, ఇద్దరు చిన్న పిల్లలు. ఆదివారం ఒక్కటే నాకు దొరికేది. ట్రైనింగ్ అనేది ఉద్యోగంలో భాగమైతే అది పని గంటల్లోనే జరగాలి, ఫీజు స్కూలే కట్టాలి. ఇది గట్టిగా అడగాలి మేడం, మొహమాట పడొద్దు. నేనూ రెండేళ్లు మొహమాటపడి ఊరుకున్నాను.

తర్వాత మేము చేసింది చెబుతాను. మా వీధికి దగ్గర్లో ఉన్న నాలుగు స్కూళ్ల సైన్స్ టీచర్లం ఐదుగురం ఒక కాగితం రాసుకుని ఎవరి ప్రిన్సిపాల్‌కు వాళ్లం ఇచ్చాం. నెలలో చివరి శనివారం మధ్యాహ్నం రెండున్నర గంటలు మాకివ్వండి, ఒక్కో నెల ఒక్కో స్కూల్ ల్యాబులో కూర్చుంటాం, పైసా ఖర్చు లేదు అని. పది నెలలకు 25 గంటలు. ముగ్గురు వెంటనే ఒప్పుకున్నారు, ఒకరు రెండు నెలలు చూసి ఒప్పుకున్నారు. రిజిస్టర్ పెట్టాం, తారీఖు, పాఠం, ఎవరు చేసి చూపించారు, ఎవరెవరు వచ్చారు, సంతకాలు. మీది సీబీఎస్‌ఈ కాబట్టి సహోదయ గ్రూపు ద్వారా చేస్తే లెక్కలోకి కూడా వస్తుంది.

ఒకే ఒక నియమం పెట్టుకున్నాం. వచ్చిన ప్రతి ఒక్కరూ ఈ నెల క్లాసులో తమకు జవాబు చెప్పడం చేతకాని ప్రశ్న ఒకటి తేవాలి. మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. రెండో నెల పదిహేనేళ్ల సర్వీసున్న ఒక మేడం, కుండలో నీళ్లు వానాకాలంలో ఎందుకు అంత చల్లబడవో నేను పిల్లలకు సరిగ్గా చెప్పలేకపోయాను అన్నారు. గాలిలో తేమ ఎక్కువైతే బాష్పీభవనం తగ్గుతుందని అందరికీ తెలుసు, ఏడో తరగతి పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపించడం ఎలా అనేదే చిక్కు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు, పొడి థర్మామీటరు పక్కపక్కన పెట్టి, ముందు ఫ్యాను గాలికి, తర్వాత నీళ్లు చల్లి మూసేసిన బకెట్ లోపల చూశాం. ఫ్యాను గాలికి తడి థర్మామీటరు బాగా కిందికి దిగింది, బకెట్‌లో రెండూ దాదాపు ఒకచోటే ఆగిపోయాయి. అప్పటి నుంచి ప్రశ్న తేని నెల లేదు.

సుద్దముక్క రాసింది:

ఆదివారం_వద్దు మేడం, మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ప్రభుత్వ టీచర్‌ని, మాకు ట్రైనింగ్‌కు ఆన్ డ్యూటీ ఉంటుంది, అందుకే ఆ మాట నాకు తట్టలేదు. క్షమించాలి.

ఎల్బీనగర్ అమ్మా, సారాంశం రాయడం మొదలుపెడితే ఇక్కడే పెట్టు, చదివి చెబుతాను. ఇంగ్లిష్‌లోనే ఉండాలని లేదు.

ఫిజిక్స్_ఎల్బీనగర్ రాసింది:

ఈ రోజు జరిగింది చెప్పాలి. తాడుతో చేశాం. గ్రౌండులో, 38 మంది, రెండు గుంపులుగా. ఆ అబ్బాయినే బల్బుగా నిలబెట్టాను. మూడు నిమిషాలు బిగించి పట్టుకుని, "మేడం, చెయ్యి కాలుతోంది, కానీ తాడు అంతే ఉంది" అన్నాడు. తర్వాత అమ్మీటర్ పెట్టే ముందు నోట్సులో రాయమన్నాను. 38 మందిలో 15 మంది అప్పటికీ రెండో బల్బు తర్వాత తక్కువ వస్తుందనే రాశారు. అంటే తాడు ఒక్కటే చాలలేదు. ముల్లు మూడు చోట్లా ఒకే దగ్గర ఆగాక ఒకమ్మాయి అమ్మీటర్ పాడైందేమో అని ఇంకోటి తెమ్మంది, తెచ్చాను. ఆ 15 నోట్సులూ ఇంటికి తెచ్చుకున్నాను, చదువుతున్నాను.

సదస్సు వాళ్లకు మెయిల్ పెట్టాను, సారాంశం ఎవరు చదువుతారని. డబ్బు కట్టాల్సిన లింకు మళ్లీ పంపారు. ప్రిన్సిపాల్ మేడంకు చూపించి, ఆ 4,500 ల్యాబుకు ఇవ్వండి, గుజరాతీ గల్లీ నుంచి ఆరు గ్రూపులకు సరిపడా సెల్ హోల్డర్లు, బల్బులు, మల్టీమీటర్లు తెస్తాను అన్నాను. ఆలోచిస్తానన్నారు. శనివారం మధ్యాహ్నాల సంగతి కూడా అడిగాను, పక్క స్కూల్ వాళ్లు ఒప్పుకుంటే సరే అన్నారు. ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు ఎవరైనా ఫిజిక్స్, కెమిస్ట్రీ టీచర్లు ఉంటే ఇక్కడే రాయండి.

ఆదిలాబాద్ సార్, ఆగస్టు 3కు మా బడి కూడా వస్తుంది. ఏం సిద్ధం చేసుకోవాలో చెప్పండి.

ఇందూరు_టీచర్ రాసింది:

నమస్తే, మాది నిజామాబాద్. మమ్మల్నీ కలుపుకోండి. మేము హైదరాబాద్‌కు 1.3 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాం కాబట్టి మా మీటరు కర్రకు రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ నీడ పడాలి. కొంచెం పడమటికి ఉన్నాం, మా మధ్యాహ్నం మీకన్నా ఓ నిమిషంన్నర ఆలస్యం, అది చూసుకుని ఫోన్ చేయండి. నేను మాత్రం మీటరు కాదు, రెండు మీటర్ల పైపు పెడుతున్నాను, వరండా పైనుంచి గుండు వేలాడదీసి నిలువు చూసుకోవచ్చని మా అటెండర్ సలహా.